గట్టు దాకా ఇరవై రెండు నిమిషాలు

ఇంగ్లండులో నాకు ఐదుగురు తెలుసు. వాళ్ళకి నేను తెలియను. ఆ మాటకొస్తే వాళ్ళ దేశంలోనే వాళ్ళు ఎవరికీ పెద్దగా తెలియరు. నాలుగు ఆల్బమ్‌లు చేసి విడిపోయిన ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్ వాళ్ళది. అంటే పాట మూడు నిమిషాల్లో తేలదు. మలుపులు తిరిగి, ఎక్కడికో వెళ్ళిపోయి, మనం మరిచిపోయిన రాగాన్ని వెంటబెట్టుకుని తిరిగొస్తుంది. కాలేజీ రోజుల్లో రాజమండ్రిలో, పాత క్యాసెట్లు అమ్మే కొట్లో, అట్ట మీద బొమ్మ బాగుందని వాళ్ళదొకటి కొన్నాను. ఒక వైపంతా ఒకటే పాట, ఇరవై రెండు నిమిషాలు. ఆ రోజు ఎక్కిన పిచ్చి ఇప్పటికీ దిగలేదు. ఇప్పుడు ఫోన్లో ఆ పాట కింద, ఎన్నిసార్లు విన్నారో చూపించే సంఖ్యలో సగం నేనే అయ్యుంటానని నా అనుమానం.

బాధల్లా ఒక్కటే. ముప్పై ఏళ్ళుగా ఆ పాటని నాతోపాటు చివరిదాకా విన్న మనిషి లేడు. మా బళ్ళో తోటి టీచర్లు నాలుగో నిమిషానికి ఫోన్లు తీస్తారు. మా ఆవిడ ఆరో నిమిషం దాకా వచ్చింది, అదీ పెళ్ళైన కొత్తలో. ఇప్పుడైతే పాట మొదలవగానే ఆవిడకి పెరట్లో పని గుర్తొస్తుంది.

మా ఊరి చర్చిలో కీబోర్డు వాయించేది నేనే. కోత పండుగ నాడు అందరూ తమ పంటలో మొదటిది పట్టుకుని, దేవుడికి అర్పించడానికి బారులు తీరి ముందున్న బల్ల దగ్గరికి వస్తారు. వరి కంకులు, అరటి గెలలు, గుమ్మడికాయలు, కోళ్ళు. చివరి మనిషి వచ్చేదాకా సంగీతం ఆగకూడదు. ఏటా ఒకే కీర్తనని తిప్పి తిప్పి వాయించి నా వేళ్ళు పడిపోయేవి. కిందటేడు తళుక్కున తోచింది. ఆ వరుస సాగేది దగ్గర దగ్గర ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాల పైచిలుకు సంగీతం నా దగ్గర ముప్పై ఏళ్ళుగా పడి ఉంది!

రెండు నెలలు తలుపులేసుకుని సాధన చేశాను. పాస్టరు అయ్యగారికి విషయం చెబితే, భక్తిగా ఉంటుందా అని అడిగారు.

"మొదట్లో చాలా భక్తిగా ఉంటుందండి," అన్నాను. అబద్ధమేమీ కాదు.

నిజంగానే మొదటి ఐదు నిమిషాలూ కీబోర్డులో ఆర్గన్ స్వరం ఒక్కటే. అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. ఆరో నిమిషంలో ఏడు దెబ్బల తాళం మొదలైంది. మనుషులకి ఉన్నవి రెండే కాళ్ళన్న సంగతి నేను మరిచిపోయాను. మావాళ్ళు తాళానికి తగ్గట్టు అడుగేస్తూ వస్తారు. అడుగు వేయబోతే తాళం అయిపోతోంది, ఆగితే మొదలవుతోంది. అరటి గెల వెళ్ళి ముందున్న గుమ్మడికాయని గుద్దింది. ఒక కోడి చేతుల్లోంచి ఎగిరి ప్రసంగపీఠం ఎక్కింది. నాకు మాత్రం ఆనందంతో ఒళ్ళు తెలియడం లేదు. నా పాటలో ఊరు ఊరంతా నడుస్తోంది మరి. పదమూడో నిమిషంలో అయ్యగారు చెయ్యెత్తారు. ఆపేశాను. ఎవరూ చెప్పకుండానే అందరూ "ఆమేన్" అన్నారు. అంత మనస్ఫూర్తిగా అనడం నేనెప్పుడూ వినలేదు.

ఆరాధన ముగిసి జనం భోజనాలకి వెళ్ళారు. మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ వెళ్ళింది. నేను మొహం వేలాడేసుకుని వైర్లు చుట్టుకుంటున్నాను. అప్పుడు ముందు బెంచీలో ఒక ముసలావిడ కూర్చుని ఉండటం చూశాను. జీవితమంతా మా చుట్టుపక్కల పొలాల్లో నాట్లు వేసిన మనిషి.

"అదేంటండి మేష్టారూ, మడి మధ్యలో వొదిలేసేరు? గట్టు దాకా వెళ్ళాలి కదండి," అంది.

నాట్లు వేసేవాళ్ళు వంగిన నడుంతో, వెనక్కి అడుగులేస్తూ, గట్టు తగిలేదాకా వరుస వదలరు. తాళం ఇబ్బంది పెట్టలేదా అని అడిగాను. బురదలో వెనక్కి నడిచేవాళ్ళకి ఏ అడుగు తిన్నగా పడింది కనక అంది. నాకు గంతులు వేయాలనిపించింది. చుట్టిన వైర్లన్నీ విప్పేశాను.

ఈసారి మొదటినుంచీ వాయించాను. పద్నాలుగో నిమిషం దాటింది, ఆవిడ కదల్లేదు. పద్దెనిమిదో నిమిషంలో పాత రాగం తిరిగొచ్చేసరికి, తెలిసినవాళ్ళు ఎదురైనట్టు తలూపింది. నా వేళ్ళు రెండుచోట్ల తప్పాయి, కళ్ళు చెమర్చి సరిగ్గా కనపడలేదు. చివరి స్వరం ఆగాక ఆవిడ లేచి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిటారుగా నిలబడింది.

"వొచ్చేశామండి," అంది.

నవ్వుతూ తలెత్తి చూశాను. వెనక బెంచీలో మా ఆవిడ కూర్చుని ఉంది, నాకని తెచ్చిన అన్నం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని. అందులో అన్నం ఎప్పుడో చల్లారిపోయింది.