ముద్ర పోతాది

మా మలయ్ రేవు ఊరు హుటాన్ మెలింటాంగ్‌లో మా పక్కింటి అత్త చేపల వలలు బాగుచేసేది. ఆవిడకు శ్రీకాకుళం నుంచి మేనమామ ఉత్తరాలు రాసేవాడు. స్టాంపులు పోగుచేసుకునే వయసులో నేను, కవరు మూల కత్తిరించుకుంటానని ఎంత బతిమాలినా, చివర ఇక్కడి మలయ్ వాళ్ళలా 'లా' తగిలించి ఆవిడది ఒకటే మాట.

"ముద్ర పోతాది. నానియ్యను లా."

ఒక్క స్టాంపుకి ఇంత పిసినారితనమా అని అలిగేవాణ్ని.

ఆవిడ ఇక్కడే పుట్టింది. పుట్టిన కాగితం లేక, అరవై దాటినా పౌరసత్వం రాలేదు. చివరిసారి దరఖాస్తుకు నేనే తోడు వెళ్ళాను. ఇన్నేళ్ళూ ఇక్కడే ఉన్నట్టు రుజువేమిటని అధికారి అడిగాడు. అత్త బిస్కెట్ల డబ్బా తెరిచి, యాభై ఏళ్ళ కవర్లు బల్ల నిండా పరిచింది. ప్రతిదాని మీదా ఆవిడ పేరు, స్టాంపు మూలకే వెనకవైపు, ఉత్తరం అందినప్పుడు మా ఊరి పోస్టాఫీసు కొట్టిన ముద్ర, తేదీ. ఆయన కళ్ళజోడు సర్దుకుని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఎప్పుడో అడుగుతారని మా అయ్య సెప్పినాడు," అంది నాతో, తాపీగా.

పోయిన నెల, పౌరులకిచ్చే నీలం కార్డు ఆవిడ చేతికొచ్చింది. ఆ సాయంత్రమే వలల కత్తెర తీసి, అన్నిటికన్నా పాత కవరు మూల కత్తిరించి, నెరిసిన తలతో నిలబడ్డ నా అరచేతిలో పెట్టింది.

"ఇంద. ఇంక నాకు దీంతో పని నేదు."