అక్క కుడిచెయ్యి

కంకిపాడులో మా అక్క కుట్టిన జాకెట్టుకు వంక పెట్టిన మనిషి లేదు. పెళ్లయిన కొన్నాళ్లకే బావ పోతే అమ్మ దగ్గరికి తిరిగొచ్చి, వసారాలో మిషను వేసుకుని, ఒకరి ముందు చెయ్యి చాపకుండా బతికింది. సాయానికి ఇద్దరు అమ్మాయిలను పెట్టుకుంది గానీ కత్తెర మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. "కుట్టు చెడితే విప్పుకోవచ్చే. కటింగ్ చెడితే గుడ్డే పోద్ది" అనేది. ఎన్నిసార్లు అడిగినా చెల్లెల్నయిన నాకూ ఇవ్వలేదు. నా పనితనం తనకు తెలుసు మరి.

తొంభైల చివర్లో ఒక ఉదయం, కత్తెర పట్టే ఆ కుడిచెయ్యే పడిపోయింది. పక్షవాతం. వంకర పోయిన నోరు సర్దుకుంది, కాలు ఈడ్చుకుంటూనైనా నడిచేదాకా వచ్చింది. చెయ్యే మొరాయించింది. విజయవాడ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొన్ని వారాలకు మణికట్టు కొంచెం లేచింది, వేళ్లు కదిలాయి. గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కను వేళ్ల మధ్య ఇరికించుకుని నాకు చూపించింది. క్షణంలో జారి పడింది. అయినా ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం.

"శ్రావణమాసం జాకెట్లకి అందుకుంటానే, చూడు" అంది.

నా ఆఫీసు విజయవాడ గవర్నర్‌పేటలో. ఆ పక్క వీధిలోనే ఫిజియోథెరపీ చేసే ఒకాయన ఉంటే, అమ్మా నేనూ అక్కను బస్సులో తీసుకెళ్లాం. ఆయన చెయ్యి వంచి, సాచి చూపించి, చివర్లో అమ్మతో అన్నాడు: "అన్నం మాత్రం ఆవిణ్ణే తిననివ్వండమ్మా, ఆ చేత్తోనే. సగం కింద పడ్డా పర్లేదండి."

అమ్మ బుద్ధిగా తల ఊపింది. తిరుగు బస్సెక్కగానే, "కన్నాడా, పెంచాడా, ఆయనకేం తెలుసు" అంది.

మా ఇళ్లల్లో ఎడమచేత్తో అన్నం తినడం ఊహకందని పని. కుడిచేత్తో తింటే ఒళ్లంతా మెతుకులు. ఇక మిగిలింది అమ్మ చెయ్యే. పప్పూ నెయ్యీ కలిపి, ముద్దలు చేసి, చిన్నపిల్లకు పెట్టినట్టు పెట్టేది. చూడటానికి వచ్చేవాళ్లకూ కొదవ లేదు. హార్లిక్స్ సీసా, బత్తాయిలు పట్టుకుని సరిగ్గా భోజనాల వేళకే దిగేవారు. నాకు ఒళ్లు మండేది. "ఈ రోజుల్లో ఇంత సేవ ఎవరు చేస్తారమ్మా" అని వాళ్లు అమ్మను మెచ్చుకునేవారు. ఆ మాట వింటే అమ్మకు కడుపు నిండిపోయేది. వాళ్లూ తలో ముద్దా పెట్టి, కళ్లు తుడుచుకుని వెళ్లేవారు.

ఒక మధ్యాహ్నం అమ్మ పెరట్లో ఉండగా అక్క కంచం ముందుకు లాక్కుంది. సగం మెతుకులు ఒళ్లో పడ్డాయి, కొన్ని నోటిదాకా వెళ్లాయి. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ వరసావిడ లోపలికొచ్చింది.

"అయ్యో, అయ్యో! రోగిష్టిదాన్ని తనంతట తనే తినమంటున్నారా? ఇంట్లో మనుషుల్లేరా?"

అమ్మ పరుగున వచ్చి కంచం లాగేసుకుంది. "నేను చచ్చాననుకున్నావటే?" అని భోరుమంది. అక్క చేతిలో ఉన్న అన్నం వదిలేసింది. మళ్లీ ఎప్పుడూ కంచం జోలికి పోలేదు.

శ్రావణమాసం వచ్చింది, వెళ్లింది. అక్క మంచం మీద నుంచి చెబుతుంటే అమ్మాయిలే కత్తిరించారు. మరుసటి ఏడు వాళ్లూ మానేశారు. మిషను మీద పాత దుప్పటి కప్పాం. అక్క చెయ్యి మెల్లగా లోపలికి ముడుచుకుని, పిడికిలై, అలాగే ఉండిపోయింది.

కొన్నేళ్లకు అమ్మ స్నానాలగదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు ఉన్నన్నాళ్లూ అక్కకు ముద్దలు నేను పెట్టాను. కట్టు విప్పాక వ్యాయామాల కోసం అమ్మను విజయవాడలో ఒక పునరావాస కేంద్రానికి తీసుకెళ్లాను. అక్కడొకాయన మంచి చేతికి మందపాటి తొడుగు వేసుకుని, చచ్చుబడిన చేత్తో ఇడ్లీ తుంచడానికి అవస్థపడుతున్నాడు. చొక్కా నిండా చట్నీ. భార్య ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఏమ్మా, కాస్త నోట్లో పెట్టకూడదూ?" అని అమ్మ ఆవిడ మీద కోప్పడింది.

అమ్మకు వ్యాయామం చేయిస్తున్న అమ్మాయి నవ్వింది. "పెట్టకూడదండీ. మంచి చెయ్యే అన్నీ చేసేస్తుంటే మెదడు ఈ చేతిని మర్చిపోద్ది. అందుకే మంచిచెయ్యి కట్టేసి దీనికి పని చెప్తున్నాం. ఇప్పుడు అందరూ చేసేది ఇదేనండీ."

మర్నాడే అమ్మ అక్కనూ నన్నూ వెంటబెట్టుకుని మళ్లీ అక్కడికి వెళ్లింది. ఆ అమ్మాయి అక్క వేళ్లు తెరవబోయింది, రాలేదు. మణికట్టు లేపమంది, లేవలేదు. కాస్తయినా కదలిక ఉన్న చేతికే ఆ పద్ధతి పనికొస్తుందని, ఇప్పుడు కీళ్లే బిగుసుకుపోయాయని చెప్పింది.

"అప్పుడే చేసుంటే వచ్చేదామ్మా?" అమ్మ గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"చెప్పలేమండీ. కొంతమందికి వస్తది."

రాదని ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఆ అమ్మాయికి దణ్ణం పెట్టేదాన్ని. అక్కకు ఎవరూ అన్యాయం చేయలేదు. ప్రేమే చేసింది. దాన్ని ఎవరి మీద వేసి తిట్టాలో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ సాయంత్రం అమ్మ అన్నం, పప్పు వడ్డించి, కంచం అక్క ముందు పెట్టి, తను దూరంగా గోడకానుకుని కూర్చుంది.

"తినవే తల్లీ. నీ చేత్తోనే తిను. నేల పాడైతే నేను తుడుచుకుంటా."

అక్క ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి కంచంలో పెట్టింది. అన్నం మీద పిడికిలి అలాగే ఉంది. వేళ్లు విప్పాలని తను చూస్తోంది, విప్పుతుందని అమ్మ చూస్తోంది. అమ్మ భుజాలు కదలసాగాయి. కొంగు నోట్లో కుక్కుకుంది.

అక్క చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మా, ఆకలేస్తందే. పెట్టవా?" అని నోరు తెరిచింది.