రెండు రిబ్బన్లు

శాలిబండలో బస్సెక్కినా మా వాదన ఆగలేదు. మా నాలుగేళ్ల పాపకు కాలేయం నుంచి పసరు తెచ్చే గొట్టం పుట్టుకతోనే తిత్తిలా ఉబ్బి ఉంది. తిత్తి తీసేశాక మిగిలిన గొట్టాన్ని చిన్నపేగు మొదట్లోనే అతికించవచ్చు, లేదా కింది నుంచి పేగును పైకి తెచ్చి దానికి కలపవచ్చు అన్నారు డాక్టరు.

"మొదటిది జల్ది అయితదట," అంది మా ఆవిడ.

"పసరు పొట్టలకు ఎగదన్నుతది అన్నడు గదా," అన్నాను.

పక్కనున్న ముసలామె పాపనే చూస్తోంది. "నొస్తుందా బిడ్డా?" అని అడిగింది. పాప తలూపింది.

"లంగ బొందు కడుపును ఒత్తుతున్నది, సూడుండ్రి," అంటూ ఆమె ముడి వదులు చేసింది. పాప జడల రిబ్బన్లు రెండూ విప్పి, లంగా జారకుండా భుజాల మీదుగా కట్టింది. పాప ఆమె ఒళ్లోనే నిద్రపోయింది.

మేము రెండో పద్ధతికే ఒప్పుకున్నాము. పాప కోలుకుంది. ఆ తర్వాత మా ఆవిడ కుట్టిన ప్రతి లంగాకూ భుజాల పట్టీలే.

పెద్దయ్యాక ఒకసారి పాత ఫోటోలు చూస్తూ అమ్మాయి అడిగింది, తన లంగాలన్నీ అట్లా ఎందుకున్నాయని.

"బస్సులో ఒకామె కట్టింది," అన్నాను.