మరగని ద్రాక్షరసం

ఇంట్లో ద్రాక్ష వైన్ ఎలా చెయ్యాలని నన్నెవరైనా అడిగితే, ఏమీ చెయ్యక్కర్లేదని చెబుతాను. పళ్లు నలిపి, పంచదార వేసి, మీ పని మీద మీరు వెళ్లిపోండి. మిగతాది అదే చూసుకుంటుంది. కష్టమంతా వైన్ కాకుండా ఆపడంలో ఉంది. మా చర్చి సంఘంలో నెలకోసారి ప్రభువు బల్ల జరుగుతుంది, రొట్టె ముక్కా చిన్న గిన్నెడు ద్రాక్షరసమూ తీసుకుంటాం. ఆ రసం పులవకూడదు. పులిస్తే సారా కిందే లెక్క. కాబట్టి మా అమ్మ నాకు నేర్పింది ఆపే విద్యే.

గింజలున్న నల్లద్రాక్ష తీసుకోవాలి. తొడిమలు వలిచి, గోరువెచ్చని నీళ్లలో రెండుసార్లు కడగాలి. తొక్క మీద బూడిద రాసినట్టు తెల్లగా ఉంటుంది చూడండి, పులిసే గుణమంతా అక్కడే ఉంటుంది. ఎంత కడిగినా పూర్తిగా పోదు. చేత్తో నలిపి, పలచటి గుడ్డలో పిండి, పంచదార కలిపి, నాలుగు లవంగాలు వేసి, పొయ్యి మీద బాగా మరగనివ్వాలి. నురుగు పైకి వస్తుంటే తీసేస్తూ ఉండాలి. సీసాల్ని విడిగా నీళ్లలో మరిగించి బోర్లించి, వేడి మీదే రసాన్ని మెడదాకా పోసి మూత బిగించాలి. మరగబెట్టడం ఒక్కటి తప్పితే, మిగతాదంతా ఎంత శుభ్రంగా చేసినా దండగే. నేను తప్పించింది ఆ ఒక్కటే.

మేం ఉండేది అరబ్బుదేశంలోని అజ్మాన్‌లో, నాలుగు కుటుంబాలు పంచుకునే ఫ్లాట్‌లో ఒక గది. నేను నర్సుని. మా ఆయన షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఏసీలు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసేవారు. పెళ్లయిన కొత్తలో ఆయనకు తాగుడు ఉండేది. అప్పట్లో ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి, గురువారం సాయంత్రం తాగి వచ్చి, బూట్లయినా విప్పకుండా గుమ్మంలోనే పడుకునేవారు. నేను అరిచేదాన్ని, అలిగేదాన్ని, ఒకసారి గ్లాసులన్నీ పగలగొట్టాను. వీటివల్ల ఏమీ కాలేదు. ఒక శుక్రవారం నాతో ఆరాధనకు వచ్చి వెనక కుర్చీలో కూర్చున్న మనిషి, ఎవరూ పిలవకుండానే లేచి, తన తప్పు ఒప్పుకోవడానికి ముందుకు నడిచారు. ఆ తర్వాత ఆరేళ్లు చుక్క ముట్టలేదు. దగ్గుమందు సీసా కూడా తిప్పి చదివి, ఆల్కహాల్ అని కనిపిస్తే తిరిగిచ్చేసేవారు. ఒక్క చుక్క లోపలికి వెళ్తే మళ్లీ నిలబడలేనని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు.

కరోనా మొదటి ఏడాది మందిరం మూసేశారు. ఆరాధన ఫోన్లలోకి వచ్చింది. ఈ నెల బల్లకు ఎవరింట్లో వాళ్లు రొట్టె, రసం సిద్ధం చేసుకోమని పాస్టరు అయ్యగారు చెప్పారు. అంతకుముందు సంఘం మొత్తానికీ రసం చేసేది నేనే. అందుకని రెండు లీటర్ల రసం నాకు లెక్కలోకి రాని పని. సోమవారం సాయంత్రం ద్రాక్ష నలిపాను, పిండాను, పంచదార కలిపాను. పొయ్యి వెలిగించబోతుంటే వార్డు నుంచి ఫోన్. కరోనా డ్యూటీ వాళ్లందరినీ హోటల్‌కి మారుస్తున్నాం, అరగంటలో బస్సు వస్తుంది, యల్లా, త్వరగా, అని.

పచ్చి రసాన్ని నీళ్ల సీసాలో పోసి, మూత బిగించి గట్టు మీద పెట్టాను. ఫ్రిజ్‌లో మా వంతు ఒక్క అర, అది పాలతో, కూరలతో నిండిపోయి ఉంది. ఆయన నా బట్టలు సర్దుతుంటే నేను వెనకాలే తిరుగుతూ వంద చెప్పాను. బియ్యం డబ్బా ఎక్కడుందో చెప్పాను, గీజర్ ఆపడం మర్చిపోవద్దన్నాను, పక్కగది వాళ్ల పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దన్నాను. రసం సీసాలో ఉంది, శుక్రవారం బల్లకి అదే, అని కూడా చెప్పాను. మరగబెట్టమని మాత్రం చెప్పలేదు.

శుక్రవారం నేను హోటల్ గదిలో మంచం మీద కూర్చుని ఫోన్‌లో ఆరాధన చూశాను. తెర మీద ఒక్కో ఇల్లూ అగ్గిపెట్టెంత. మా గదిని వెతికి పట్టుకున్నాను. తెల్లచొక్కా వేసుకుని, టేబుల్ మీద గుడ్డ పరిచి, సీసా మొత్తం ముందు పెట్టుకుని కూర్చున్నారు. చిన్న గిన్నె లేక, నేను ఆసుపత్రి నుంచి తెచ్చిన మందు కొలిచే కప్పులో రసం పోసుకున్నారు. అయ్యగారు ప్రార్థించి తీసుకోమన్నారు. ఆయన తీసుకున్నారు. కళ్లు మూసుకుని చాలాసేపు తెరవలేదు. చెంపల మీద నీళ్లు కారాయి. దేవుడు ఆయన్ని ఎంతగా కదిలిస్తున్నాడో అనుకుని నేను మురిసిపోయాను. మురిసిపోయి, పక్క గది నర్సుకు కూడా చూపించాను.

తర్వాతి వారం నాకే జ్వరం వచ్చింది. తగ్గింది గానీ వాసన తెలియకుండా పోయింది. నెల దాటాక ఇంటికొచ్చేసరికి సీసా కడిగి బోర్లించి ఉంది. వేడికి దాహమేసి తాగేశానన్నారు. వచ్చే నెల రసం తనే చేస్తానన్నారు, ద్రాక్ష కూడా తెచ్చి పెట్టారు. నా మీద ప్రేమ అనుకున్నాను. చేత్తో తడిమి నరం దొరకబుచ్చుకునే దాన్ని, ఎదురుగా ఉన్న మనిషిని చూడలేకపోయాను. ఆయన త్వరగా పడుకుంటున్నారు, మాట మెత్తబడింది, నా మొహంలోకి చూడటం తగ్గింది. అన్నీ కనిపించాయి. వర్క్‌షాపు మూసేసి పని లేక దిగులుపడుతున్నారని సర్దిచెప్పుకున్నాను.

జూలైలో ఒక మధ్యాహ్నం కాఫీపొడి డబ్బా తెరిస్తే వాసన తెలిసింది. మూడు నెలల తర్వాత. సంతోషం పట్టలేక డబ్బా చేత్తో పట్టుకునే గదిలోకి పరుగెత్తి ఆయన మెడ చుట్టూ చేతులు వేశాను. కాఫీపొడి తర్వాత నాకు తెలిసిన రెండో వాసన ఆయన నోటిదే.

ఆ రోజు నేను అరవలేదు. అరిచే ఓపిక కూడా లేకపోయింది. మంచం చివర కూర్చుని ఎప్పటినుంచి అని అడిగాను. ఆయన చెప్పకుండా ఉండాలని చూశారు. నేను లేవలేదు. చివరికి చెప్పారు. ఆ శుక్రవారం సీసా మూత తిప్పగానే బుస్సుమందట, కొంచెం గ్యాస్ పట్టిందేమో అనుకున్నారట.

"నోట్లో పోసుకున్నాక తెలిసింది. అయ్యగారు ప్రభువు రక్తమని చెప్పి ఇచ్చింది ఉమ్మలేను గదా."

మింగేశారు. ఆ తర్వాత మిగిలిన సీసా. ప్రార్థన చేసిన రసాన్ని మేం డ్రైనేజీలో పొయ్యం. మందిరంలో అయితే మిగిలింది పిల్లలకు ఇచ్చేస్తాం, లేదంటే శుభ్రమైన మట్టిలో పోస్తాం. అజ్మాన్‌లో ఆరో అంతస్తులో, బయటికి అడుగు పెట్టనివ్వని రోజుల్లో, మట్టి ఎక్కడుంది? సీసాని రెండు రోజులు గట్టు మీదే ఉంచి చూశారట. మూడో రోజు కూర్చుని తాగేశారు. నాతో ఎందుకు చెప్పలేదని అడిగితే, నువ్వక్కడ జ్వరంతో ఉన్నావు, నీ వల్లేనని ఏడుస్తావని, అన్నారు. నా వల్లే కదా. అప్పుడు ఏడ్చాను.

బాత్రూమ్ సింకు కింద మూడు సీసాలు దొరికాయి. ఒకటి ద్రాక్ష, రెండు ఖర్జూరం. మూత బిగిస్తే పగులుతుందని ఒక్కో మూతికీ నా ఆసుపత్రి గ్లవ్ తొడిగి, వేలికి సూదితో చిన్న బెజ్జం పెట్టారు. లోపల పులుస్తున్నంతసేపూ గ్లవ్ ఉబ్బి నిలబడుతుంది, వాలిపోతే అయిపోయినట్టు. బ్రెడ్డు చేసే ఈస్టు చిటికెడే వెయ్యాలట, ఎక్కువేస్తే వాసనట. ఫోన్‌లో చూసి నేర్చుకున్నారు. ఇలా దొంగతనంగా చేస్తున్నట్టు తెలిస్తే ఈ దేశంలో జైలే. సీసాలన్నీ సింకులో ఒంపేశాను. ఆయన పక్కనే నిలబడి నీళ్లు పోశారు, అడ్డుపడలేదు.

వారం తిరక్కుండా గ్లవ్స్ పెట్టెలో మళ్లీ రెండు తగ్గాయి. తర్వాత మద్యం షాపులు తెరిచారు, ఇంట్లో చేసుకోవాల్సిన అవసరమూ తీరింది. ఆయన తాగి పనికెళ్తే వర్క్‌షాపు ముదీర్, అంటే మేనేజరు, రెండుసార్లు ఓర్చుకుని, మూడోసారి ఖలాస్, ఇక రావద్దు, అన్నాడు.

మరుసటి ఏడు మందిరం తెరిచాక విషయం పెద్దలకు తెలిసింది. దాచేదేముంది, ఆయన తూలుతూనే వచ్చేవారు. ఆరాధన అయ్యాక మా ఇద్దర్నీ కూర్చోబెట్టారు. అయ్యగారు మంచివారు, కఠినంగా మాట్లాడలేదు. ఆరేళ్లు నిలబడ్డవాడివి, ఎక్కడ జారావయ్యా, అని అడిగారు. ఈ సంఘమంతా నా చేతి రసం తాగింది. ఇప్పుడు చెబితే ఇన్నేళ్లూ మాకేం తాగించావంటారని భయమేసింది. సిగ్గేసింది. ఆయన నా వైపు చూడలేదు.

"వర్క్‌షాపులో వాళ్లతో కలిశానండి, అయ్యగారూ," అన్నారు.

నేను తల దించుకుని నా బ్యాగు జిప్పు చూస్తూ కూర్చున్నాను. ఆయన్ని బల్లకు దూరం పెట్టారు. తర్వాతి నెల ట్రే మా వరస దాకా వచ్చినప్పుడు, పంచేవాడు ఆయన ముందు ఆగకుండా నా దగ్గర ఆగాడు. ఆ రసం నేను చేసిందే, రెండుసార్లు మరగబెట్టి చేసింది. నేను తీసుకున్నాను. పక్కన ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఆ తర్వాత ఆయన రావడం మానేశారు. వీసా అయిపోయాక ఊరికి పంపేశాను. అక్కడే లివర్ చెడింది. నాకు తెలిసిన విషయమే కాబట్టి రిపోర్టులు చదివి ఎన్నాళ్లుంటారో నేనే లెక్క వేసుకున్నాను. సెలవు దొరికేదాకా రోజూ ఫోన్ చేసేదాన్ని. ఒకరోజు పొద్దున ఆయన గొంతు తేటగా ఉంది. ధైర్యం చేసి, ఆ రోజు అయ్యగారి ముందు నేను నోరు తెరవాల్సింది, నన్ను క్షమించండి, అన్నాను.

మందు మింగి, నీళ్లు తాగిన చప్పుడు వినిపించింది.

"చెప్తే నిన్ను కూడా బల్ల నుంచి తీసేసేవాళ్లు. ఇంట్లో ఒక్కరైనా తీసుకోవాలి గదా," అన్నారు.

నా సెలవు మొదలయ్యే లోపే పోయారు. నేనింకా అజ్మాన్‌లోనే ఉన్నాను, నెలనెలా బల్ల తీసుకుంటున్నాను. మానేద్దామని ప్రతిసారీ అనిపిస్తుంది. మానేస్తే ఆయన నా కోసం మోసిందంతా వృథా అయిపోతుందని, ట్రే ముందుకు రాగానే చెయ్యి చాస్తాను.