లేపకుండ్రి

మేము సరిహద్దు పోస్టు చేరేసరికి మంచు మోకాలి దాకా ఉంది. పైన ఒక బంకరు, లోపల కిరోసిన్ పొయ్యి, ఆరుగురం. మొదటి ఆర్డరు: చేతి తొడుగు లేకుండా ఇనుము ముట్టొద్దు. రెండోది: ఇంటికి ఫోను వారానికి ఒకసారే, అదీ గాలి ఒప్పుకుంటే. మీరంతా నన్ను చలి గురించి అడుగుతుంటారు. చలిది ఏముంది, అలవాటైపోతుంది. నాకు అలవాటు కానిది ఒక మాట.

మాది మొగుళ్లపల్లి. అక్కను రేగొండలో ఇచ్చాం. బావ వాళ్లు చర్చికి పోతారు, పెళ్లయ్యాక అక్క కూడా. వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ రూతుకు ఆరేళ్లు. ఆ చలికాలం దానికి జ్వరం పట్టుకుని దిగలేదు. వరంగల్ దవాఖానలో పెట్టారు.

ఆ వారం ఫోనులో నా వంతు మధ్యాహ్నం వచ్చింది. బావ ఎత్తాడు. మామూలుగా ఆయన మాట్లాడితే ఊరవతలికి వినిపిస్తుంది. ఆ రోజు గొంతు మెల్లగా ఉంది, మాట చర్చిలో ప్రార్థన చేసే భాషలో ఉంది. గాలి హోరులో ఒక్క ముక్కే చెవిన పడింది.

"రూతు... నిద్రించింది, బామ్మర్దీ."

"హమ్మయ్య! మంచిగైంది బావా! లేపకుండ్రి. జర పండుకోనియ్యుండ్రి."

లైను తెగింది.

జ్వరం దిగిందని అందరికీ చెప్పాను. వంటవాడు రవ్వ హల్వా చేశాడు. కింది పోస్టు రేడియోలో అడిగింది, "ఏంటి సంగతి, ఖుషీగా ఉన్నారు?"

"మా మేనకోడలు నిద్రపోయింది" అన్నాను.

తర్వాతి వారం ఇంటికి చేస్తే మా బాపు ఎత్తాడు. రూతు మంచిగ నిద్రపోతోందా అన్నాను. "ఏం నిద్రరా! పిల్ల పాయె. మట్టి గూడ అయింది."

బావ మీద ఒళ్లు మండిపోయింది. చచ్చిపోయిందని చెప్పడానికి ఏం రోగం? ఆ నిద్ర ఏంటి? నేను హల్వా తిన్నాను కదరా దేవుడా!

మా రేడియో ఆపరేటరు మిజోరం వాడు, క్రైస్తవుడు. వాణ్నే నిలదీశాను. వాడు హెడ్‌ఫోన్లు తీసి అడిగాడు.

"నువ్వేమన్నావ్?"

"లేపొద్దన్నా."

వాడు నవ్వలేదు. చనిపోయిన ఒక చిన్నపిల్లను చూసి యేసు నిద్రపోతోందన్నాడనీ, అక్కడున్నవాళ్లంతా నవ్వారనీ చెప్పాడు. "చెయ్యి పట్టుకుని లేపాడు. అందుకే మావాళ్లు చావును నిద్ర అనడం వదలరు."

నేనూ నమ్మలేదు, ఆ నవ్వినవాళ్లలోనే ఉన్నాను. అయినా కాపలా నిలబడ్డప్పుడల్లా ఆ కథే తిరిగేది. లేచాక ఆ పిల్ల ఏమడిగి ఉంటుంది? నీళ్లా? అమ్మనా?

మంచు కరిగి దారి తెరుచుకున్నాక సెలవు దొరికింది. సరాసరి రేగొండకు పోయాను. అక్క మొహం ఎట్లా చూడాలో తెలియక గడప బయటే నిలబడ్డాను. అక్కే వచ్చి చెయ్యి పట్టుకుంది.

"తమ్మీ, లేపకుండ్రి అన్నవట."

"తెల్వక అన్న అక్కా..."

"నాకెరుకే. గా పొద్దు అందరు ఏడ్సిండ్రు. నా బిడ్డ ఇంక ఉన్నట్టు మాట్లాడినోనివి నువ్వొక్కనివే. గా మాట పట్టుకునే ఉన్న."

నాకు దుఃఖం ఆగలేదు. కళ్లు తుడుచుకుని అడిగేశాను, "నిజంగ లేస్తదని నమ్ముతవా అక్కా?"

"కొన్ని పొద్దులు నమ్ముత. నమ్మబుద్ధి కాని పొద్దు చర్చికి పోత. పక్కనోళ్లు నమ్ముతుంటరు గద, నాకు సాలుతది."

సాయంత్రం సమాధి దగ్గరికి పోయాం. సున్నం వేసిన చిన్న దిమ్మె, మీద శిలువ. అక్క చెప్పులు విడిచి ముందు నడిచింది. వెనక కంకర మీద నా బూట్లు కరకరమన్నాయి.

ఇన్నేళ్లయింది, ఆ మంచు సగం మరిచిపోయాను. అక్క వెనక్కి తిరిగి పెదాల మీద వేలు పెట్టుకోవడం మాత్రం నిన్న చూసినట్టే ఉంది.

నేను అక్కడే కూర్చుని బూట్లు విప్పాను.