టోలెడోకి వెల్లుల్లి లేని ఆవకాయ

నేను ఇప్పటిదాకా టోలెడో చూడలేదు. కానీ ఆ ఊళ్లో రైలు దిగి, నదివైపు నడిచి, పాత రాతి వంతెన దాటి కోటగోడ లోపలికి ఎలా పోవాలో కళ్లు మూసుకుని చెప్పగలను. ఒకడికి చెప్పాను కూడా. వాడు అంతా చెప్పించుకుని నన్ను వదిలేసి వెళ్లాడు.

వాడిదీ నాదీ ఒకే ఊరు. ఇద్దరం మగ్గాల చప్పుడులో పెరిగినవాళ్లం. అమీర్‌పేటలో ఒకే చోట కోర్సు నేర్చుకుని, పంజాగుట్టలో ఒకే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి, బల్కంపేటలో ఒకే గదిలో ఉండేవాళ్లం. ఆ రోజుల్లో ఎవరిని కదిలించినా ఆన్‌సైట్ మాటే. మా వంతుకు స్పెయిన్‌లోని మాడ్రిడ్ వచ్చింది. అక్కడి క్లయింట్ దగ్గర కొన్నాళ్లు పనికి మా ఇద్దరినీ పంపుతామని టీమ్ లీడ్ గారు చెప్పారు. ఆయన కోస్తా మనిషి, నెమ్మదస్తుడు. వెల్లుల్లి ముట్టరు. మధ్యాహ్నం మా డబ్బాల వాసన తగలకుండా కిటికీ దగ్గర విడిగా కూర్చుని తినేవారు.

వీసా పనిమీద పంజాగుట్టలో ట్రావెల్ ఆఫీసుకి వెళ్తే అక్కడ గోడకి ఒక క్యాలెండర్ ఉంది. నెలలు మారినా ఎవరూ కాగితం తిప్పలేదు. అందులో గుట్ట నిండా ఊరు, పైన చర్చి శిఖరం, పక్కన కోట, మూడు వైపులా చుట్టుకున్న నది. కింద టోలెడో అని ఉంది. మాడ్రిడ్‌కి దగ్గరేనని, శనివారం పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చని ఆఫీసాయన చెప్పాడు. ఆ ఫొటో ఊళ్లోంచి తీసింది కాదు, నది అవతలి గట్టు మీద నుంచి తీసింది. నాకు ఊరి కంటే ఆ ఫొటో తీసినవాడు నిలబడ్డ చోటు మీద మనసు పడింది. అక్కడ ఒక్కసారి నిలబడాలనుకున్నాను. అంతకుముందు నేను దేన్నీ అలా కోరుకోలేదు.

అమీర్‌పేట నెట్ సెంటర్‌లో అందరూ రెజ్యూమెలు దిద్దుకుంటుంటే నేను టోలెడో సందులు వెతుక్కునేవాణ్ణి. సెంటర్ నడిపేవాడు నా భుజం మీదుగా చూసి, “గా పటంల కొలువు దొరుకుతదా అన్నా?” అని ఎగతాళి చేసేవాడు. పొద్దున ఆఫీసుకి నడుస్తూ చూసిందంతా మావాడికి చెప్పేవాణ్ణి. మొదట్లో ఊఁ కొట్టి ఊరుకునేవాడు. తర్వాత ఉన్నట్టుండి శ్రద్ధ పెరిగింది. “మళ్లా చెప్పు భాయ్, స్టేషన్ దిగినంక కుడికా, ఎడమకా?” అని అడిగేవాడు. పాఠంలా అప్పజెప్పేవాడు. వాడికీ ఆ ఊరు పట్టుకుందని నేను మురిసిపోయాను.

ఆన్‌సైట్ పోయేవాళ్లు పచ్చళ్లు కట్టించుకోకుండా విమానం ఎక్కరు. అమీర్‌పేటలో పచ్చళ్ల కొట్టువాడు ముందు విమానానికేనా అని అడిగి, అవునంటే నూనె కారకుండా కవరు మీద కవరు వేసి టేపు చుట్టేవాడు. మావాడు రెండు ఆవకాయలు చెప్పాడు. ఒకటి వెల్లుల్లి లేకుండా.

“మనల వెల్లుల్లి తిననోడు ఎవడురా?” అన్నాను.

“ఆడ ఎవరన్న ఉంటరు భాయ్. జర ముందు ఆలోచించాలె.”

వాడి ముందుచూపుని మెచ్చుకున్నాను. టేపు చుట్టిన ఆ ప్యాకెట్ని గదిదాకా నేనే మోశాను.

సోమవారం టీమ్ లీడ్ గారు పిలిచి కూర్చోబెట్టారు. సీనియర్ ఒకరు ఉండాలని క్లయింట్ పట్టుబట్టారట, నా బదులు ఆయన వెళ్లాల్సి వచ్చిందట. “మీ ఫ్రెండ్‌కి పోయిన వారమే చెప్పానండి. మీకు మెల్లగా తనే చెప్తానన్నాడు. చెప్పలేదా?”

ఆఫీసులో ఇలాంటివి జరుగుతాయి. ఆయన మీద నాకు కోపం రాలేదు. నాకు ముందుగా గుర్తొచ్చింది ఆవకాయ.

సాయంత్రం గదికి వెళ్లేసరికి వాడు సూట్‌కేసు సర్దుతున్నాడు. విషయం నాకు తెలిసిపోయిందని నా మొహం చూడగానే వాడికి అర్థమైంది. “చెప్దామనే అనుకున్న. నువ్వు గంత ఖుషీగ ఉంటే నోరు రాలె,” అన్నాడు.

“నోరు రానోడివి కుడికా, ఎడమకా అని ఎట్ల అడిగినవ్?”

వాడు సూట్‌కేసు మూత మీద మోకాలు పెట్టి జిప్పు లాగాడు. చివరికి నేనే ఒక మాట అడిగాను. ఎలాగూ పోతున్నావు, ఆ అవతలి గట్టుకి మాత్రం తప్పకుండా పో, నిలబడి చూసి వచ్చి నాకు చెప్పు అని. వాడు నా చెయ్యి పట్టుకుని ఒట్టు పెట్టాడు.

తిరిగొచ్చాక ఫొటోలు చూపించాడు. వంతెన మీద వాడు, కోటగోడ దగ్గర వాడు, చర్చి ముందు లీడ్ గారితో వాడు. అన్నీ నేను చెప్పిన వరసలోనే ఉన్నాయి. గట్టు ఏదని అడిగాను.

“ఏడ పోతం భాయ్, సార్‌కు మోకాళ్ల నొప్పులు. చౌరస్తాల కూసొని బ్రెడ్డు, ఆవకాయ తిని రైలెక్కినం.” అని, ఫ్రిజ్‌కి అంటించుకునే అయస్కాంతం బిళ్ల ఒకటి నా చేతిలో పెట్టాడు. దాని మీద క్యాలెండర్‌లో ఉన్న బొమ్మే. “నీకు కావాల్సింది గిదే కద. తీస్కో.”

మా గదిలో ఫ్రిజ్ లేదు. బిళ్లని వాడి ఇనప మంచం కోడుకే అంటించి, ఆ నెలాఖరుకి ఎర్రమంజిల్ దగ్గర వేరే గదికి మారిపోయాను. వాడు నా కోసం వెళ్లి నిజంగా అక్కడ నిలబడి ఉంటే సగం మరిచిపోయేవాణ్ణేమో. ఇటు నేను నిలబడలేదు, అటు తనూ నిలబడలేదు.

వాళ్లూ వీళ్లూ చెప్పారు, పాత సంగతి, వదిలెయ్ అని. ఇప్పుడు డబ్బులున్నాయి కదా, నువ్వే పోయి చూడొచ్చు కదా అని ఇంట్లోవాళ్లంటారు. నాకు పోబుద్ధి కాదు. ఆ దారంతా వాడు నడిచేశాడు.

మా ఊరివాళ్ల పెళ్లిళ్లలో వాడు కలుస్తూనే ఉంటాడు. పక్కనే కూర్చుని, నాకు టోలెడో చూపించింది ఈయనే అని అందరికీ చెప్తాడు. నేను మాత్రం వడ్డించేవాళ్లు ఆవకాయ తెచ్చేదాకా ఆగి, బంతి మొత్తానికి వినపడేలా, “దీంట్ల వెల్లుల్లి ఉన్నదా, లేదా?” అని అడుగుతాను. వాడు తలవంచుకుని అన్నం కలుపుకుంటాడు.