డప్పు కాగేంతసేపు

ఆస్ట్రేలియాలోని పారమట్టాలో మా అపార్ట్‌మెంటు బాల్కనీకీ పక్కింటి బాల్కనీకీ నడుమ ఒక గాజు పలక అడ్డు ఉంటుంది. మనిషి కనిపించడు గాని మాట, పాట అన్నీ వినిపిస్తాయి. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ కూర్చుని మా మేనమామతో వీడియో కాల్‌లో మాట్లాడేదాన్ని. ఆయన జనగామ దగ్గరి పల్లెలో డప్పు కొడతాడు. పెళ్లి, జాతర, చావు, ఎక్కడికి పిలిస్తే అక్కడికి పోతాడు. ఒకనాడు కొత్తగా తోలు బిగించిన డప్పును నాకు చూపించి, "ఎట్ల మోగుతున్నదో ఇను బిడ్డా" అని దరువు వేశాడు. అది ఆగిన మరుక్షణమే గాజు పలక అవతల ఇనుప రెయిలింగు మీద ఎవరో వేళ్లతో అదే దరువును ఒక్క దెబ్బ తప్పకుండా తిరిగి వాయించారు.

"ఎవలు బిడ్డా ఆడ? మనోడేనా?" అన్నాడు మామ.

మనోడు కాడు. హైతీ దేశస్థుడు, డెబ్బై దాటిన పియానో విద్వాంసుడు, స్వరకర్త. ఆస్ట్రేలియా స్త్రీని పెళ్లాడి ఇక్కడికి వచ్చి, ఆమె పోయిన తర్వాత ఇక్కడే ఉండిపోయాడు. పిల్లలను పియానో పరీక్షలకు తయారుచేయడం ఆయన జీవనోపాధి. తన దేశపు కొండపల్లెల డోలు దరువులనూ పొలం పాటలనూ పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో పియానో రచనలుగా మలచడం ఆయన జీవితం. తండ్రి న్యాయవాది. కొండ మీద డోలు మోగితే ఇంట్లో కిటికీలు మూయించేవాడట. కొడుకు మొదటి కచేరీలో ఆ డోలు దరువే పియానో మీద వినిపించినప్పుడు రాజధానిలోని పెద్దమనుషులు పెరటి చెత్తను హాల్లోకి తెచ్చాడన్నారట. ఆస్ట్రేలియాలో స్థానిక ఉత్సవాల వాళ్లు పిలుస్తారు గాని, రంగురంగుల చొక్కా తొడుక్కుని డోలు తెమ్మంటారు.

"అక్కడ డోలు లేని పియానో కావాలన్నారు. ఇక్కడ పియానో లేని డోలు కావాలంటున్నారు. నేను మాత్రం ఎవరికీ అక్కర్లేదు" అన్నాడు ఒకసారి. ఆయన ఆ మాటను నవ్వు కోసం చెప్పలేదు.

మామ దరువులను రికార్డు చేయించి ఆయనకు ఇవ్వడం మొదలుపెట్టాను. ఆయన ప్రతిదీ అడిగేవాడు. రెండు పుల్లలు ఎందుకు? చిర్ర అనే లావుపాటి పుల్ల లోతైన దెబ్బకూ, సిటికెన పుల్ల అనే సన్నని పుల్ల మెరుపులాంటి దెబ్బకూ అని చెప్పాను. మధ్యలో వాయించేవాడు ఎందుకు ఆగిపోతాడు? డప్పు తోలు చల్లబడి వదులైతే గడ్డి మంట వేసి సెగ చూపుతారని, వేలితో తట్టి చూసుకుని, గొంతు బిగిసిందని నమ్మకం కుదిరాకే మళ్లీ ఎత్తుకుంటారని చెప్పాను. ఆయన ఆ మాటను స్వరాల కాగితం అంచున రాసుకున్నాడు.

కొన్ని నెలలకు రచన పూర్తయింది. చిర్ర దెబ్బను ఎడమచేతికీ సిటికెన పుల్లను కుడిచేతికీ ఇచ్చాడు. నడుమ డప్పు కాగేంతసేపు పియానో మౌనంగా ఉంటుంది. ఆ మౌనం తర్వాత అదే దరువు ఒక మెట్టు పై స్వరంలో, కాగిన తోలు గొంతుతో లేస్తుంది. హైతీ కొండల డోలు వచ్చి దానితో కలుస్తుంది. మొదటి భాగమంతా ఆ కలయిక కోసం చేసిన సన్నాహమే.

ఆయనకు ఒకే కోరిక ఉండేది. వేళ్ల కీళ్లు బిగుసుకుపోతున్నాయి. అవి మొరాయించకముందే ఈ దరువు ఎవరిదో వాళ్ల ముందు ఒక్కసారి పూర్తిగా వాయించాలి. ఇక్కడి తెలుగువాళ్లున్నారు కదా అన్నాడు. ఉన్నారన్నాను. మామకు చెబితే, "పియానల నా దరువా? ఈడియో పంపు బిడ్డా. మా డప్పోళ్లందరికి సూపిస్త" అన్నాడు.

ఇక్కడి తెలుగు సంఘం ఉగాది సభ ఏర్పాట్ల సమావేశం ఒక సభ్యుడి ఇంటి గరాజ్‌లో జరిగింది. రచనలో కొంత భాగం ఫోన్‌లో వినిపించాను. ఒక ఆంటీ తింటున్న సమోసాను ప్లేటులో పెట్టేసింది.

"ఇదేంటి, డెత్ బీట్ లాగా ఉంది?"

"ఉగాది పూట చావు డప్పేంటమ్మా?" అన్నాడు సంఘం అధ్యక్షుడు. ఆయన్ను అందరిలాగే నేనూ అంకుల్ అనేదాన్ని. "ఫ్యామిలీస్ వస్తాయి, స్పాన్సర్స్ వస్తారు. ఏదన్నా మెలోడీ సినిమా పాట వాయించమను. పియానో మీద అదిరిపోద్ది."

కళాశాలలో నేను వాదోపవాద పోటీల జట్టులో ఉండేదాన్ని. ప్రత్యర్థి వాదాన్ని అతనికంటే స్పష్టంగా చెప్పి, తర్వాతే ఖండించాలన్నది అక్కడి మొదటి పాఠం.

"డప్పు చావులో మోగుతుంది కాబట్టి శుభకార్యానికి పనికిరాదు. అంతేనా అంకుల్?"

"అంతే కదా మరి."

"చావులో మంత్రాలు చదువుతారు, పూలదండలూ వేస్తారు. ఉగాదికి అవి కూడా క్యాన్సిల్ చేద్దామా?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"లాస్ట్ ఇయర్ మీ అబ్బాయి డాన్స్ చేసిన పాటలో మోగింది ఇదే డప్పంకుల్. మీరు విజిల్ కూడా వేశారు."

"వేశారు, వేశారు! నా ఫోన్లో వీడియో ఉంది" అన్నాడు గరాజ్ యజమాని. అందరూ నవ్వారు.

"అది సినిమా అమ్మా. సినిమా వేరు."

"ఎందుకు వేరు?"

అధ్యక్షుడు చేతులు జోడించాడు. "నీతో ఆర్గ్యూ చెయ్యలేం తల్లీ. సరే, టెన్ మినిట్స్ ఇద్దాం. అయిపోయినట్టు మన యాంకర్‌కి ఎలా తెలుస్తుంది?"

"మధ్యలో లాంగ్ పాజ్ వస్తుందంకుల్. అది ఎండింగ్ కాదు. ఆయన చేతులు కీస్ మీదే ఉంటాయి. లేచి నిలబడితేనే అయిపోయినట్టు."

ఆయన శ్రద్ధగా విని తల ఊపాడు. గెలిచానన్న భ్రమతో ఇంటికి వెళ్లాను.

అద్దెకు తీసుకున్న స్కూలు హాల్లో సభ జరిగింది. ఇళ్లు కట్టించే స్పాన్సరు మాట్లాడాడు, ఇంటి రుణాలు ఇప్పించే స్పాన్సరు మాట్లాడాడు. నల్లకోటు వేసుకున్న ముసలాయన తెర పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఓపికగా వేళ్లు రుద్దుకుంటూ కూర్చున్నాడు. పరిచయంలో 'డప్పు' అన్న మాట ఉండాలని నేను వాక్యం రాసిచ్చాను. యాంకర్ మాత్రం "ఇంటర్నేషనల్ పియానిస్ట్, ఫ్యూజన్ మ్యూజిక్" అని ముగించింది.

ఆయన మొదలుపెట్టాడు. చిర్ర దెబ్బ పియానో అడుగు స్వరాల్లో పడింది. కుర్చీల మధ్య పరుగెడుతున్న పిల్లలు ఆగారు. వెనక వరుసలో ఎవరో కుర్చీ చేతి మీద దరువు అందుకోవడం నాకు స్పష్టంగా వినిపించింది. ఎవరా అని నేను తిరిగి చూసేసరికి పియానోలో ఆ మౌనం వచ్చింది. ఆయన చేతులు మీటల మీదే ఉన్నాయి.

"వావ్! బిగ్ హ్యాండ్ ప్లీజ్!" అంది యాంకర్. చప్పట్లు. అప్పటికే మెట్లెక్కి సిద్ధంగా ఉన్నారు అధ్యక్షుడూ స్పాన్సరూ, శాలువాతో, మెమెంటోతో. మన సభల్లో శాలువా విప్పాక ఇక కార్యక్రమం ఉండదు. ఎంతటి కళాకారుడైనా లేచి, మెడ వంచి, కెమెరా వైపు చూడాలి. ఆ ఆచారం ఆయనకు తెలియదు. చేతులు తియ్యకుండా కూర్చున్నాడు. కూర్చున్న మనిషి భుజాల మీదే జరీ శాలువా కప్పి, మోచేయి పట్టి లేపారు. నేను లేచి "ఇంకా అవ్వలేదు" అని అరిచాను. పిల్లల డాన్స్ ట్రాక్ మొదలైంది.

భోజనాల దగ్గర అధ్యక్షుణ్ని పట్టుకున్నాను.

"యాంకర్‌ని స్టేజ్ మీదకి ఎవరు పంపారంకుల్?"

"హాల్ టైమ్ ఇష్యూ అమ్మా."

"ఆ తర్వాత ఇంకో స్పాన్సర్ మాట్లాడారు కదా."

"పాజ్ వచ్చింది, నీట్‌గా క్లోజ్ చేశాం. ఆయనేం ఫీలవలేదు, అటు చూడు, సెల్ఫీలు దిగుతున్నాడు. శాలువా కప్పాం, మెమెంటో ఇచ్చాం. ఇంకేం కావాలి చెప్పు?"

"ఆ దరువు మా మామది. ఆయన ఊళ్లో డప్పు కొడతారు."

అధ్యక్షుడు నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. నా ఉద్యోగం, నా ఇంగ్లీషు చూసి ఇన్నాళ్లూ ఆయన నా ఇంటిపేరు అడగలేదు. ఇక అడగనక్కర్లేదు.

"ముందే చెప్పుండాల్సిందమ్మా."

"చెప్తే ఏం చేసేవారు?"

ఆయన వడ్డన బల్ల వైపు చూశాడు. "ఫుడ్ చాలా మిగిలిపోయింది. కాస్త ప్యాక్ చేయించుకుని వెళ్లు."

వాదన పోటీలో ఓడిన జట్టుకు ఎందుకు ఓడిందో చెప్పాల్సిన బాధ్యత న్యాయనిర్ణేతకు ఉంటుంది. ఇక్కడ వాదన నాదే నెగ్గింది. నాకు కారణం చెప్పాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. వాళ్లు నన్ను ఖండించలేదు, నిషేధించలేదు; సన్మానం చేశారు. నిషేధాన్ని ప్రశ్నించవచ్చు. సన్మానాన్ని ప్రశ్నించిన మనిషి సంస్కారం లేనిదవుతుంది.

ట్రామ్‌లో తిరిగి వస్తూ ఆయనకు అన్నీ చెప్పాను: డప్పు ఎవరు కొడతారో, వాళ్ల ఇళ్లు ఊరికి ఎటువైపు ఉంటాయో, నేను ఎవరి బిడ్డనో. ఈ దరువు తెలుగువాళ్లందరిదీ అని ఆయన అనుకున్నాడు. అది నిజమైతే బాగుండునని నేను కూడా అనుకున్నాను. ఆయన శాలువాను మడిచి పక్క సీటు మీద పెట్టాడు.

"మా రాజధాని పెద్దమనుషులు చివరిదాకా వాయించనిచ్చేవారు. తర్వాత మళ్లీ పిలిచేవారు కాదు" అన్నాడు. "వాళ్లే కొంచెం నయం."

మా స్టాప్ వచ్చేలోగా మామ ఫోన్ చేశాడు. వెనక చాలామంది గొంతులు వినిపించాయి. డప్పు జట్టంతా పోగైనట్టుంది.

"అయిందా బిడ్డా? ఈడియో రాలే?"

"మొత్తం వాయించనియ్యలే మామా. నడుమనే శాలువా కప్పి లేపిన్రు."

వెనక ఎవరో డప్పును కింద పెట్టిన చప్పుడైంది.

"ఎందుకట?" అన్నాడు మామ.

తెలియక అడిగిన ప్రశ్న కాదది. జవాబు నా నోటితో చెప్పాలని ఆయన ఆగాడు. "మన డప్పు గాబట్టి మామా" అని చెప్పాను.